పెట్రోలులో ఆల్కహాలు - నూరేండ్ల నీటి తగాదా

చిత్తూరు జిల్లాలో పలమనేరు చేరువనున్న గంగవరము నుండియు, పుంగనూరు, మదనపల్లె, కుప్పము ప్రాంతముల నుండియు కువాయిటు మొదలైన దేశములకు పనికి పోవువారు కలరు. బెంగళూరులో ఉద్యోగము చేయుచు పండుగలకు మాత్రమే ఊరికి వచ్చువారు మరింతమంది. వారి మోటారు సైకిళ్లు, కార్లు ఇంటి వసారాలోనో, చింతచెట్టు క్రిందనో నెలల తరబడి కదలక నిలిచియుండును. టమాటా పంట ముగిసిన పిమ్మట మందు చల్లు పెట్రోలు పంపులు కూడ అట్లే మూలబడియుండును. మరల తీసి త్రాడు లాగినప్పుడు ఇంజను పలుకదు. మెకానిక్కు కార్బురేటరు విప్పి అడుగున పేరుకొన్న జిగురును, ఒక్కొక్కప్పుడు నీటి బొట్లను చూపి, ఇదంతయు ఇథనాలు కలిపిన పెట్రోలు చేసిన పని అని తేల్చివేయును.

ఈ నింద ఎంతవరకు నిజము? శీతల దేశములలో ఇదే ప్రశ్నను మరియొక రూపమున అడుగుదురు. అక్కడ మంచు పడు నాలుగైదు మాసములు కొన్ని కార్లను, పడవల ఇంజనులను షెడ్డులలో పెట్టి తాళము వేయుదురు. వసంతమున తీయునప్పటికి ట్యాంకులోని పెట్రోలు ఏమగునో అని వారి బెంగ. మనకు అట్టి శీతకాలము లేదు. అయినను బండి నిలిచిపోవుట ఉన్నది, వాన ఉన్నది, ఎండ ఉన్నది. కావున ప్రశ్న మనది కూడ. దీనికి సమాధానము నిన్న మొన్నటి వార్తలలో కంటె ఈ మిశ్రమము యొక్క పాత చరిత్రలో ఎక్కువ స్పష్టముగ దొరకును. ఆ చరిత్ర పొడవునను ఇంజనుతో తగాదా కంటె నీటితో తగాదాయే పెద్దది.

ఆల్కహాలు అణువునకు రెండు స్వభావములు కలవు. దాని ఒక కొనయందు ఆక్సిజను, హైడ్రోజను జంటయున్నది. అది నీటిని కోరును. రెండవ కొన కార్బను, హైడ్రోజనులతో కూడినది; అది పెట్రోలుతో కలియును. కావున ఆల్కహాలు ఇటు నీటిలోను, అటు పెట్రోలులోను కరగును. నీరు, పెట్రోలు మాత్రము ఒకదానితో ఒకటి కలియవు. మూడింటిని ఒక సీసాలో పోసినప్పుడు నీరు కొద్దిగ ఉన్నంతవరకు ఆల్కహాలు మధ్యవర్తిగ ఉండి అన్నిటిని కలిపియుంచును. నీరు హద్దు మీరినదా, ఆ మధ్యవర్తి నీటి పక్షము చేరిపోవును. అప్పుడు పైన పెట్రోలు, అడుగున నీరు కలిసిన ఆల్కహాలు, రెండు పొరలుగ విడిపోవును. ట్యాంకు గొట్టము సాధారణముగ అడుగు భాగము నుండియే ఇంధనమును తీసికొనును కాబట్టి ఇంజనునకు మొదట అందునది ఈ అడుగు పొరయే. అది మండదు, లేక సరిగా మండదు. ఉక్కు ట్యాంకు అడుగును త్రుప్పు పట్టించును.

ఇక్కడనే మొదటి చిక్కు వచ్చినది. పులియబెట్టిన ద్రవమును ఎన్నిసార్లు బట్టీ పట్టినను బరువులో నూటికి 95.6 పాళ్లకు మించిన ఆల్కహాలు రాదు. స్వచ్ఛమైన ఆల్కహాలు 78.3 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద మరుగును. 4.4 పాళ్ల నీరు కలిసిన ఆల్కహాలు అంతకంటె కొంచెము తక్కువగ, 78.15 డిగ్రీల వద్దనే మరుగును. అందువలన ఆ కొద్దిపాటి నీరు ఆవిరితో పాటే వచ్చును గాని వెనుక నిలువదు. ఈ నీటి సారాను పెట్రోలులో కొద్ది పాళ్లలో పోసినచో వెంటనే మసకబారి విడిపోవును. కాల్చిన సున్నము వేసి నీటిని పీల్చివేయుట ప్రయోగశాలలో సాధ్యమే కాని, వేల గ్యాలనుల సరకునకు అది కష్టసాధ్యము.

ఇంగ్లండులోని బ్రిస్టల్ కళాశాల ఆచార్యుడు సిడ్నీ యంగ్ 1902లో దీనికి చక్కని ఉపాయము కనిపెట్టెను. ఆయన సారాలో బెంజీను పోసి మరిగించెను. బెంజీను, ఆల్కహాలు, నీరు మూడును కలిసి 65 డిగ్రీలకు దగ్గరగ, అన్నిటికంటె ముందుగ ఆవిరియై పోవును. నీరంతయు ఆ విధముగ పోయిన పిమ్మట మిగిలిన బెంజీను మరికొంత ఆల్కహాలుతో కలిసి 68 డిగ్రీల వద్ద వెడలును. చివరకు పాత్రలో పొడి ఆల్కహాలు మిగులును. నీటిని వెడలగొట్టుటకు మూడవ ద్రవమును తోడు పంపుట ఎంత తెలివియో విద్యార్థులు గమనింపవలెను. నేడు ఈ పనిని జియొలైటు అను ఖనిజ జాతి గుళికలు చేయుచున్నవి. వాటి రంధ్రములలో నీటి అణువు పట్టును, ఆల్కహాలు అణువు పట్టదు. విషపదార్థమైన బెంజీను అవసరము తప్పినది.

పొడి ఆల్కహాలు టన్నుల లెక్కన తయారగుట ఆరంభమైన తరువాతనే పెట్రోలు మిశ్రమము వ్యాపారములోనికి వచ్చినది. ఫ్రాన్సు 1923లో చట్టము చేసి పెట్రోలు దిగుమతిదారులు పదవ వంతు ఆల్కహాలును కొని కలుపవలెనని నిర్బంధించినది. ఇంగ్లండులో క్లీవ్‌లాండ్ డిస్కోల్ అను మిశ్రమము 1928లో బజారునకు వచ్చి దాదాపు నలుబదేండ్లు అమ్ముడుపోయినది. బ్రెజిలు దేశము 1931లో దిగుమతి పెట్రోలునకు నూటికి 5 పాళ్లు ఆల్కహాలు కలుపుమని ఆజ్ఞాపించినది. ఇంగ్లండు ఎంత తేమ దేశమో తెలిసినదే. అట్టి దేశములో నలుబదేండ్లు నిలిచిన సరకు, తేమగాలి తగిలినంత మాత్రమున చెడునది కాదని ఊహింపవచ్చును.

మన దేశములో ఈ ఆలోచన చెరకుతో కాక ఇప్పపూవుతో కూడ మొదలైనదని చెప్పవలెను. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో గిల్బర్ట్ ఫౌలర్, ఆయన సహచరులు ఇప్పపూవులలోని చక్కెరను, దానిని పులియబెట్టు విధమును పరిశీలించి 1920లో తమ ఫలితములను ప్రకటించిరి. ఎండిన ఇప్పపూవులో సగమునకు పైగా చక్కెరయే. అడవి చెట్టు పూవుతో మోటారు నడుపవచ్చునను ఆశ ఆనాడు చాలమందికి ఉండినది. కాని పూవు ఏడాదికొకసారి, కొద్ది వారములే రాలును. ఏరి తెచ్చువారు దానిని ఆహారముగ కూడ వాడుకొందురు. అది చక్కెర మిల్లు మడ్డి వలె ఒకచోట గుట్టగ దొరకదు.

ఆ మడ్డియే కథను మలుపు త్రిప్పినది. 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ శాసనము వచ్చిన తరువాత దేశములో మిల్లులు ముప్పదికి కొంచెము పైన ఉన్నవి నాలుగైదు ఏండ్లలోనే నూరు దాటినవి. ప్రతి మిల్లు వద్దను నల్లని మడ్డి చెరువులుగ నిలిచినది. దానిని గుంటలలో పోసిన దుర్గంధము, వాగులో వదలిన చేపల చావు. యునైటెడ్ ప్రావిన్సెస్, బీహారు ప్రభుత్వములు 1938లో పవర్ ఆల్కహాలును గూర్చి, మడ్డిని గూర్చి ఉమ్మడిగ ఒక విచారణ సంఘమును వేసినవి. దక్షిణమున మైసూరు సంస్థానములో మండ్య చక్కెర మిల్లు, నిజాం సంస్థానములో 1937లో బోధన్ వద్ద నెలకొల్పిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఉండెను. ఈ రెండు సంస్థానములలోను మడ్డి నుండి మోటారు సారా తయారైనది. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చి పెట్రోలునకు రేషను పెట్టినప్పుడు ఈ సారా విలువ అందరికి తెలియవచ్చినది. ఆ దినములలో బొగ్గు వాయువుతో నడచిన బస్సులను పెద్దలు ఇప్పటికిని చెప్పుకొందురు. సారా మాట మాత్రము మరచిపోయిరి. పొయ్యి తగిలించుకొన్న బస్సు కంటికి కనబడును, పెట్రోలులో కలిసిన సారా కనబడదు కదా!

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి ఏట, 1948లో భారత పవర్ ఆల్కహాలు చట్టము వచ్చినది. ఆ చట్టములో నాకు ముఖ్యముగ తోచినది నిర్వచనము. పవర్ ఆల్కహాలు అనగా ఘనపరిమాణములో నూటికి 99.5 పాళ్లకు తక్కువ కాని ఇథైల్ ఆల్కహాలు అని అందు వ్రాసిరి. అనగా నీటికి విడిచిన చోటు నూటికి అరపాలు మాత్రమే. తగాదా ఎక్కడ పుట్టునో శాసనకర్తలకు తెలియును.

ఆ కాలపు బండ్లకు ఆల్కహాలు వలన నిజముగ కలిగిన హాని ఒకటి చెప్పవలెను. కార్బురేటరులో ఇంధనపు మట్టమును సరిచూచుటకు ఒక తేలుడు బిళ్ల ఉండును. ఫోర్డు మోడల్ టి వంటి పాత కార్లలో దానిని బెండుతో చేసి పైన లక్క పూసెడివారు. లక్క పెట్రోలులో కరగదు. ఆల్కహాలులో కరగును, మన వడ్రంగులు మేజా బల్లలకు పూయు లక్క మెరుగు సారాలో కరగించినదే గదా. పూత పోయిన బెండు ఇంధనమును పీల్చి బరువెక్కి మునిగిపోవును, ఇంధనము పొంగి కారును. నేటి లోహపు, ప్లాస్టిక్కు తేలుళ్లకు ఆ బాధ లేదు. కాని పాత బండ్ల రబ్బరు గొట్టములు, బిళ్లలు ఆల్కహాలులో నాని ఉబ్బుట, తరువాత ఎండి పగులుట ఆ బెండు కథకు తోబుట్టువే. దీనికి నీటితో పని లేదు. ఇందులో ఆల్కహాలే దోషి.

పెట్రోలులో ఆల్కహాలు కలుపు ఆ మొదటి ప్రయత్నము ఇంజనుల ఫిర్యాదుల వలన ఆగలేదు. ఆల్కహాలునకు మంచి ధర పెట్టు క్రొత్త కొనుగోలుదారులు వచ్చిరి. 1959లో కలకత్తా చేరువన రిష్రాలో ఆల్కహాలు నుండి పాలిథీను, 1963లో బరేలీ వద్ద ఆల్కహాలు నుండి కృత్రిమ రబ్బరు తయారు కాసాగినవి. కాల్చివేయుట కంటె వస్తువులు చేయుట లాభమైనది. మిగిలిన చట్టము కాగితముల మీద ఉండి 2000లో రద్దయినది.

రద్దయిన మరుసటి ఏటనే ప్రయత్నము మరల మొదలగుట ఒక వింత. 2001లో మహారాష్ట్రలోని మిరజ్, మన్మాడులలోను, ఉత్తర ప్రదేశ్‌లోని ఆంవ్లాలోను పరీక్షలు జరిపిరి. 2003 జనవరి నుండి ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రములలో నూటికి 5 పాళ్లు కలుపుమనిరి. వెంటనే చెరకు కరవు వచ్చి ఆ ఉత్తరువు సడలినది. 2013-14లో దేశమున సగటున కలిసినది నూటికి 1.53 పాళ్లే. అటుపిమ్మట వేగము పెరిగి, చెరకు రసము, నూకలు, మొక్కజొన్న కూడ బట్టీలకు చేరి, 2022 జూనులో 10 పాళ్లకు వచ్చినది. 20 పాళ్ల మిశ్రమమును 2023 ఫిబ్రవరి 6న మనకు చేరువ నగరమైన బెంగళూరులోనే విడుదల చేసిరి. 2025లో దేశమంతట 20 పాళ్లు అయినది. ఆ ఏడు వాహనదారులలో పుట్టిన కలవరము సుప్రీం కోర్టు వరకు పోయినది. ఆల్కహాలు కలియని పెట్రోలును కూడ అమ్మవలెనని, బంకుల వద్ద పాళ్లు వ్రాసిపెట్టవలెనని కోరిన వ్యాజ్యమును సెప్టెంబరు 1న కోర్టు కొట్టివేసినది. కొట్టివేసినను, బంకు మీద అంకె స్పష్టముగ వ్రాసియుండుట కొనువాని హక్కని నా అభిప్రాయము. బండిని ఆరు నెలలు నిలుపబోవువానికి ఆ అంకె తెలిసియుండుట అవసరము.

మైలేజి తగ్గుట నిజమే. లీటరు ఆల్కహాలులోని శక్తి లీటరు పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులు మాత్రమే. ఇంధనము కొరకై 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన ప్రణాళికలోనే, పాత పద్ధతి కార్లకు 20 పాళ్ల మిశ్రమముతో నూటికి 6-7 వంతులు, ద్విచక్ర వాహనములకు 3-4 వంతులు మైలేజి తగ్గునని వ్రాసిరి. 2023 ఏప్రిలు నుండి వచ్చిన బండ్ల రబ్బరు, లోహ భాగములు ఈ మిశ్రమమునకు తగినట్లు చేసినవి. కాని నేను తీసికొన్న విషయము నిలిచిన బండి, దానికే వత్తును.

గాలిలోని తేమను ఆల్కహాలు పీల్చుకొని నీరగునని అందరు అందురు. ఎంత పీల్చునో ఒక లెక్క వేసి చూతము. పది లీటర్ల మోటారు సైకిలు ట్యాంకులో సగము ఇంధనము, సగము గాలి ఉన్నదనుకొందము. పగలు వేడికి లోని గాలి వ్యాకోచించి మూత రంధ్రము గుండ వెలికి పోవును. రాత్రి చల్లబడి బయటి గాలి లోనికి వచ్చును. ఉదయమునకు, మధ్యాహ్నమునకు 15 డిగ్రీల తేడా ఉన్నచో 5 లీటర్ల గాలిలో సుమారు పావు లీటరు ఇట్లు రాకపోకలు చేయును. పెట్రోలు ఆవిరిని కూడ లెక్కించి అర లీటరు అనుకొందము. 30 డిగ్రీల వద్ద తేమతో నిండిన గాలి ఘనమీటరులో 30 గ్రాముల నీరుండును; అనగా లీటరునకు 0.03 గ్రాము. దినమునకు వచ్చు నీరు 0.015 గ్రాము. నూరు దినములకు గ్రామున్నర. ఇక 10 పాళ్ల మిశ్రమము 15 డిగ్రీల వద్ద తనలో నూటికి అరపాలు నీటిని విడిపోకుండ ఇముడ్చుకొనగలదు. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లు! 20 పాళ్ల మిశ్రమము ఇంకను ఎక్కువ ఇముడ్చుకొనును. తేమ నిండుగ ఉన్న గాలినే తీసికొన్నను, ట్యాంకు ఊపిరి వలన వచ్చు నీరు హద్దులో పదునారవ వంతునకు చేరలేదు.

మరి కార్బురేటరులోని నీటి బొట్లు ఎక్కడివి? మూత క్రింది రబ్బరు చుట్ట పగిలియుండును, చెట్టు క్రింద బండి మీద రెండు వానలు కురియును. మూత పల్లములో నిలిచిన నీరు తగినంత లోనికి పోయినచో హద్దు దాటును. మూత లేని క్యానులో నిలువ చేసిన పెట్రోలు, నీళ్లు తెచ్చిన డబ్బాలోనే తెచ్చిన పెట్రోలు, వాన నీరు దిగిన బంకు నేలమాళిగ ట్యాంకు, ఇవియు అట్టివే. ఆల్కహాలు లేని పెట్రోలులో ఆ నీరే పడినచో చిన్న బొట్లుగ అడుగున ఉండి అంతతో ఆగును. ఆల్కహాలు ఉన్నచో హద్దు వరకు నీటిని కడుపులో దాచుకొని, హద్దు దాటగనే తానును నీటితో దిగిపోయి అడుగు పొరను లీటరు వరకు పెంచగలదు. మేలును, కీడును రెండును ఆ ఒక్క గుణములోనే కలవు.

శీతకాలము ఇందులో చేయు పని వేరు. చలి పెరిగిన కొలది మిశ్రమము ఇముడ్చుకొను నీరు తగ్గును. ఎండ పూట హద్దు అంచున ఉన్న ఇంధనము గడ్డకట్టు రాత్రి విడిపోవును. అమెరికాలోని మినెసోటా రాష్ట్రములో చలి సున్నాకు ఎంతో క్రిందికి పోవును. ఆ రాష్ట్రము 1997 నుండి అన్ని ప్రాంతములలోను ఆల్కహాలు పెట్రోలునే అమ్మించుచున్నను, పాత ముచ్చటైన కార్లకు, మోటారు సైకిళ్లకు, పడవలకు, చిన్న ఇంజనులకు మాత్రము ఆల్కహాలు కలియని పెట్రోలు కొనుటకు చట్టములోనే చోటు ఉంచినది. ఎక్కువగ నిలిచిపోవు బండ్లు ఇవియే. అక్కడ స్థిరపడిన మన తెలుగువారు సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు వారి కారు మంచులో నిలిచియుండును. వారి బెంగకు కారణము కలదు. గంగవరము సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి మీదిదగుటచే మార్గశిర, పుష్య మాసములలో రాత్రులు చలిగనే ఉండును, కాని నీరు గడ్డకట్టదు. మన బండికి అపాయకాలములు వానకాలము, వేసవికాలము.

వేసవి నేరము ఆల్కహాలుది కాదు, పెట్రోలుది. పెట్రోలులోని కొన్ని హైడ్రోకార్బనులు గాలిలోని ఆక్సిజనుతో కలిసి జిగురుగ మారును. ఆల్కహాలు కలియని పెట్రోలులో కూడ ఈ జిగురు వచ్చెడిది. దానిని అడ్డుటకే 1930 ప్రాంతముల నుండి పెట్రోలులో ప్రత్యేక రసాయనములు కలుపుచున్నారు. కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు కొద్దిపాటిది, గాలి తగులుచుండునది. తేలికయైన భాగములు ఆవిరియైపోగా మిగిలినది జిగురై సన్నని రంధ్రములను పూడ్చును. మెకానిక్కు చూపిన జిగురు ఇదియే. అంతేగాక, ఏండ్ల తరబడి ట్యాంకు గోడలకు అంటిన పాత మడ్డిని ఆల్కహాలు కరగించి క్రిందికి తెచ్చును. మొదటి రెండు మూడు నింపుళ్లలో వడపోత మూసికొనుట అందువలననే.

కనుక నాలుగు నెలలు నిలుపబోవు బండి ట్యాంకును నిండుగ నింపుట, లేదా పూర్తిగ ఖాళీ చేయుట మేలు, సగముతో నిలుపరాదు. కార్బురేటరు ఉన్న పాత బండికి, మందు పంపునకు ఇంధనపు కొళాయి కట్టివేసి ఇంజను దానంతట అది ఆగువరకు నడిపినచో గిన్నె ఎండిపోవును. మూత రబ్బరు వెల పది ఇరువది రూపాయలు. అది చూచుకొని, బండిని కప్పు క్రింద పెట్టవలెను.

విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు ఈ విషయమును బయలు ప్రదేశమున, నిప్పు దూరముగ ఉంచి, తామే చేసి పిల్లలకు చూపవచ్చును. గీతలు గల గాజు జాడీలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, ఒక చుక్క సిరా కలిపిన 10 మిల్లీలీటర్ల నీరు చేర్చి, బిరడా పెట్టి మెల్లగ కలిపి, ఆవిరిని వదలి, నిలువనిండు. సిరా రంగు నీటి పొరలోనే ఉండును. 10వ గీత వద్ద ఉండవలసిన రంగు పొర 30వ గీతకు సమీపించినచో ఆ పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఆల్కహాలు ఉన్నదన్నమాట. తరువాత వేరొక గాజు గొట్టములో అదే పెట్రోలును కొద్దిగ తీసికొని, నీటిని ఒక్కొక్క చుక్కగ వేసి కలుపుచు, మసక రాబోవు దశలో ఆపి, మంచుగడ్డలు వేసిన నీటిలో గొట్టమును నిలుపవలెను. క్షణములలో తేటగ ఉన్నది పాలవలె మసకబారును. దానిని బయటకు తీసి అరచేతితో పట్టుకొని వెచ్చచేసినచో మరల తేటపడును.